సాంచెలు ఆగిన వేళ చిక్కుముడుల ఆటలు

సూరత్ నగరపు దక్షిణ భాగమున, బొంబాయినుండి అహ్మదాబాదునకు పోవు ప్రధాన రైలుమార్గమునుండి జలగావ్ దిశగా తాపీ రేఖ చీలిపోవు కూడలి ఉధ్నా. అహ్మదాబాదునుండి మదరాసునకు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ మలుపుననే తూర్పునకు తిరిగి, నందుర్బార్, భుసావళ్, వార్ధాల మీదుగా వరంగల్లు చేరును. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా ఇచ్చట స్థిరపడియుండుటచేత ఉధ్నా, లింబాయత్, డిండోలి పేటలలో తెలుగు మాట చెవినిబడుట వింత కాదు. నగరపాలక సంస్థ నడుపు పాఠశాలలలో తెలుగు మాధ్యమపు బడులును ఉన్నవి. పన్నెండేసి గంటల షిఫ్టులలో, ఒక్కడే పలు సాంచెలను, అనగా మరమగ్గములను, కనిపెట్టుకొని, ఎక్కడ పోగు తెగినదో, ఎక్కడ కండె అయిపోయినదో, ఏ బట్టతానులో మచ్చ పడినదో చూచుచు తిరుగు నేతగానికి సంవత్సరమున తీరిక యనదగినది దీపావళి సెలవులే. లాభపంచమి వరకు బట్టల బజారు మూతపడును, కార్ఖానాల చప్పుడు అణగును, ఊరికి పోగలిగినవారు పోవుదురు, పోలేనివారు ఇంటిపట్టున ఉందురు.

ఇట్టి తీరికవేళ, నలుబది యేండ్లు దాటిన గృహస్థుడో గృహిణియో, తమ యౌవనారంభమున, అనగా 1990ల చివరను 2000ల మొదటను, కంప్యూటరు నేర్పు చిన్న సంస్థలలో పాఠము ముగిసిన పిదప మిగిలిన పదినిమిషములు దొంగిలించి ఆడుకొనిన ఆటలను తలచుకొని, “మరల అట్టిదేదైన ఒకటి ఆడిన బాగుండును గదా” అనుకొనుట సహజము. కోట అడుగున చెరసాలలో చిక్కిన యువకుడు గంటలోపల రాకుమారిని విడిపింపవలసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ యో, కంప్యూటరు పత్రికలతోపాటు వచ్చు సీడీలలోని నమూనా ఆటలో వారి జ్ఞాపకమున మెదలుచుండును. అటుపిమ్మట ఉద్యోగము, వివాహము, పిల్లల చదువులు, ఊరిలో ఇల్లు కట్టుటకై చేసిన అప్పు, ఇన్నియు ఒకదానివెంట నొకటి వచ్చి ఆ సరదాను అటకపైకి ఎక్కించినవి. ఇప్పుడు దానిని దింపుకొనవలెనన్న కోరిక కలిగినది. కాని ఎక్కడ వెదుకవలెనో తెలియదు.

ఏలయన, చేతిలోని ఫోను తెరచి ‘గేమ్స్’ అని వెదకినంతనే కనబడునవి వేరు. అరనిమిషమున కొక ప్రకటన చూపునవి కొన్ని. ఇంక ఆడవలెనన్న నాణెములు కొనుమని చేయిచాచునవి కొన్ని. తుపాకులు మ్రోగునవి కొన్ని. వీనికితోడు పందెపు రమ్మీ మొదలగునవి ఎన్ని కొంపలు కూల్చినవో తెలియనివారు లేరు గనుక, ఇంటిలో ఎవరైన ‘కంప్యూటరు ఆట’ అన్నచో పెద్దవారు ఉలికిపడుటలో తప్పు లేదు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధింపగా, 2025లో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటను అట్టి ఆటలను నిషేధించినది. మనము ఇచ్చట మాటలాడుచున్నవానికి ఆ పందెములతో ఏమియు సంబంధము లేదు. ఇవి పుస్తకమువలె ఒక్కమారు వెలయిచ్చి కొనుక్కొని, తీరికగా చదువుకొనినట్లు ఆడుకొనదగినవి. గెలిచినవానికి రూకలు రావు, ఓడినవానికి పోవు.

ఈ జాతి ఆటకు లక్షణము చెప్పవలెనన్న, కథ ఒకటి, ఆ కథను ముందునకు సాగనీయక అడ్డగించు చిక్కు ఒకటి, ఆ చిక్కును విప్పుటకు వలసిన ఆధారములన్నియు ఆ కథాలోకముననే ఎక్కడనో దాగియుండుట ఒకటి: ఈ మూడును కలిసినచో పజిల్ అడ్వెంచర్ ఆట యగును. చేతివేగముతో పని లేదు. తలుపు మూసియున్నది, తాళపుచెవి లేదు, గోడమీద నాలుగు గుర్తులు చెక్కియున్నవి, వెనుకటి గదిలో చూచిన పటమునందును అవే గుర్తులు వేరొక వరుసలో నుండెను. ఇంతవరకు చెప్పి ఆట ఊరకుండును, తక్కినది ఆడువాని బుద్ధికి విడిచిపెట్టును.

తెలుగువారికి ఈ రుచి క్రొత్తది కాదు. చందమామలో దశాబ్దములపాటు విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని నడచుచుండగా, బేతాళుడు కథ చెప్పి, కథాంతమున చిక్కుప్రశ్న వేసి, తెలిసియు చెప్పకున్న తల వ్రక్కలగునని బెదరించినప్పుడు, తెలివిగల పాఠకుడు పుట త్రిప్పకమునుపే తన సమాధానము తాను చెప్పుకొని చూచుకొనుచుండెడివాడు. అవధాన సభలో సమస్య నిచ్చు పృచ్ఛకుడును, నిషిద్ధాక్షరి నడపు పృచ్ఛకుడును అడుగడుగున దారి మూయుచుండగా, మూసిన దారిలోనుండియే అవధాని పద్యమును నడపించుకొని పోవును. ఆ ఇరుకే లేనిచో సభికులకు ఆ ఉల్లాసము లేదు. అడ్డంకియే ఆనందహేతువగు ఈ మర్మమును గ్రహించినవారు మన పూర్వులు. కంప్యూటరు దానికి రంగస్థలమును మాత్రమే మార్చినది.

నేతపట్టున ఈ ప్రసంగము చేయునపుడు స్మరింపదగిన సంగతి మఱియొకటి కలదు. ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున రూపొందించిన మగ్గపు అమరికలో, ఏ పడుగు పోగు లేవవలెనో ఏది అణగియుండవలెనో రంధ్రములు పొడిచిన అట్టలు నిర్ణయించుచుండెను. ఆయన రూపమునే పట్టుబట్టపై నేసిన చిత్రమునకు సుమారు 24,000 అట్టలు పట్టినవి; అందొక ప్రతిని సంపాదించిన చార్లెస్ బాబేజ్ దానిని తన ఇంటికి వచ్చిన అతిథులకు చూపుచు, తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞలందించు పనికి ఆ అట్టలనే గ్రహించెను. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హోలెరిత్ రంధ్రముల అట్టలను ఉపయోగించెను. ఆ తరువాతి తరముల కంప్యూటర్లు చాలకాలము అట్టలతోనే పనిచేసినవి. జకార్డు సాంచె నెరిగిన ఉధ్నా నేతగాడు కంప్యూటరునకు ఎంతమాత్రము పరాయివాడు కాడు.

ఇక ఈ ఆటల పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనుట అవసరము. ఏలయన, చాలకాలమునకు మరలి వచ్చినవాడు తాను విడిచిపోయిన చోటునకును ఇప్పటి చోటునకును నడుమ ఏమి జరిగినదో ఎరుగకున్న తడబడును. విల్ క్రౌథర్ అను అమెరికా ప్రోగ్రామరు, ఇంటర్నెట్టునకు పూర్వరూపమగు ఆర్పానెట్టు నిర్మాణమున పాలుగొనినవాడు, సెలవుదినములలో కెంటకీ రాష్ట్రపు మామత్ గుహలలో దీపము పట్టుకొని దూరి వాని పటములు గీయు వ్యసనము గలవాడు. భార్యతో విడాకులై, తన కుమార్తెలు వచ్చినపుడు వారికి వినోదముగా నుండుటకై 1976 ప్రాంతమున ఆయన గుహయాత్రను వచనముగా వర్ణించు ఆట నొకటి వ్రాసెను. స్టాన్‌ఫర్డులోని డాన్ వుడ్స్ మరుసటి యేట దానిని విస్తరించెను. అందు బొమ్మ యన్నది లేదు. గుహ ఎట్లున్నదో తెరపై చదువుకొని, ఏమి చేయదలచినదియు ఒకటి రెండు మాటలలో టైపు చేయవలెను. 1977లో ఎం.ఐ.టి. విద్యార్థులు ఆరంభించిన ‘జోర్క్’ దీని సంతతియే.

1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ అను దంపతులు ‘మిస్టరీ హౌస్’ అను ఆటలో గీతల బొమ్మలు చేర్చిరి. 1987లో రాన్ గిల్బర్టు ప్రభృతులు ‘మేనియాక్ మేన్షన్’లో టైపు చేయు శ్రమను తొలగించి, మాటలను తెరపైననే పేర్చి, వానిని నొక్కినచో చాలునట్లు చేసిరి. 1990 నాటి ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’లో కత్తియుద్ధమున గెలుపు కత్తివలన కాక, ఎదుటివాని ఎత్తిపొడుపునకు తగిన ఎదురుమాట విసరుటవలన లభించును, నాటకములో సంవాదపద్యములకు చప్పట్లు కొట్టిన తెలుగువారికి ఈ యుద్ధము మిక్కిలి రుచించును. 1993లో రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ సోదరులు నిర్మించిన ‘మిస్ట్’ నిర్జన ద్వీపమొకటి చూపి, ఎవరును ఏమియు చెప్పకుండగనే, అందలి యంత్రములను త్రిప్పి చూచి అర్థము చేసికొనుమని ఆడువానిని విడిచిపెట్టినది. 2002లో ‘ది సిమ్స్’ దాటువరకు పర్సనల్ కంప్యూటరు ఆటలన్నిటిలో అధికముగా అమ్ముడుపోయినది ఇదియే.

ఇంత వైభవము పొందిన జాతి 1990ల చివరకు క్షీణించుటకు కారణములలో ఒకటి చిక్కుల అన్యాయము. 1999లో వచ్చిన ‘గేబ్రియల్ నైట్’ మూడవ భాగమునందలి ఒక ఘట్టము ఇందుకు అపకీర్తి పొందిన ఉదాహరణము. కథానాయకుడు మోటారుసైకిలును అద్దెకు తీసికొనవలెను; అది తన మిత్రుని పేర నున్నది; కావున మిత్రుని వేషము వేయవలెను. అందులకై పిల్లిని జిగురుపట్టీ అంటించిన రంధ్రముగుండ పరుగెత్తించి, ఊడిన బొచ్చును పాకముతో మీసముగా అతికించుకొనవలెను. ఆ మిత్రునికి మీసమే లేదు! అందువలన అతని పాస్‌పోర్టులోని ఫోటోకు కలముతో మీసము దిద్దవలెను. దీనిని ఆలోచించి తెలిసికొనగలవాడు ఎవడు? ఆడువాడు ఊహించుట మాని, కనబడిన ప్రతి వస్తువును ప్రతి వస్తువుపై రుద్ది చూచుటకు దిగును. దిగిన క్షణముననే ఆట చచ్చినది. మనలో పెక్కుమంది వయసు పైబడి ఈ ఆటలు విడిచితిమనుకొందురు గాని, సగము మంది ఇట్టి పిల్లిమీసముల యొద్ద విసిగి విడిచినవారే.

పునరుజ్జీవనము రెండు దిక్కులనుండి వచ్చినది. బజారులో పెట్టుబడి దొరకని పాత నిర్మాతలు నేరుగా ఆడువారినే అర్థించిరి: 2012లో టిమ్ షేఫర్ సంస్థ 4 లక్షల డాలర్లు చందాగా కోరగా 33 లక్షలకు పైగా వచ్చినవి. రెండవ దిక్కున, ఒకరిద్దరు కూడి చేసిన చిన్న ఆటలు ఇంటర్నెట్టు దుకాణములద్వారా లోకమంతటికి చేరసాగినవి. 2003లో మొదలైన స్టీమ్, పాత ఆటలను నేటి కంప్యూటర్లపై నడచునట్లు సవరించి అమ్ముటకు 2008లో మొదలైన గాగ్, ఈ రెండును నేడు ఇట్టివానికి ప్రధానమైన అంగళ్ళు. పదేండ్ల వెనుకటి సాధారణపు లాప్‌టాపుపై హాయిగా నడచు ఆటలు వీనియందు కోకొల్లలు. కొన్నిటికి ఫోనే చాలును.

రాశి ఇంత యున్నచోట ఎన్నుకొనుట ఎట్లు? ఇందులకు ప్రసిద్ధమైన ‘ఉత్తమ ఆటల’ జాబితాలు అంతగా పనికిరావు. ఒకరికి అమృతమైనది ఒకరికి చేదగును. దోషము ఆటది కాదు, ఆడువానిది కాదు, జత కుదరకపోవుటది. ‘ఏది గొప్ప ఆట?’ అని కాక, ‘ఏ జాతి చిక్కు నాకు ప్రీతి?’ అని తన్ను తాను ప్రశ్నించుకొనినవానికి త్రోవ సులభముగా దొరకును. స్థూలముగా చూడగా ఈ చిక్కులు నాలుగు జాతులు.

యంత్రములను విప్పి చూచు చపలత్వము గలవారికి, అనగా మర సాంచె మొరాయించినపుడు మెకానిక్కు వచ్చులోపల తామే స్పానరు పట్టువారికి, తగినది మొదటి జాతి. 2012లో ఇంగ్లండునందలి ఫైర్‌ప్రూఫ్ గేమ్స్ వారు చేసిన ‘ది రూమ్’లో మీ ఎదుట ఒక చిత్రమైన పెట్టె ఉండును. దానిచుట్టు తిరిగి చూడవలెను. ఒక పలక జరుగును, ఒక మూల తాళపురంధ్రము బయటపడును, చెవి దొరకినను అది పట్టదు, చెవియొక్క పండ్లనే త్రిప్పి ఆకారము మార్చవలసి వచ్చును. తెరచిన పెట్టెలో మరియొక పెట్టె. ఫోనుపై వ్రేలితో ఆడుటకే పుట్టిన ఆట ఇది, వెల స్వల్పము, చాలకాలమునకు తిరిగివచ్చినవారికి తొలిమెట్టుగా ఇంతకన్న అనువైనది అరుదు. ఈ రుచి పెరిగినపిదప ‘మిస్ట్’కు, 2024లో పునర్నిర్మితమైన దాని ఉత్తరభాగము ‘రివెన్’కును పోవచ్చును.

కంటితో ఆలోచించువారిది రెండవ జాతి. చెక్ దేశపు అమానిటా డిజైన్ వారి ‘మెషినేరియం’ (2009) లో ఒక్క మాట యైన లేదు. తుప్పుపట్టిన నగరమున తిరుగు చిన్న యంత్రపుమనిషి తలపై తేలు బొమ్మల బుడగలే సంభాషణము. ‘మాన్యుమెంట్ వేలీ’ (2014) లో కట్టడములను త్రిప్పగా, లోకమున కలియజాలని మెట్లు కంటికి కలిసి, కలిసినట్లు కనబడినంతనే నిజముగా దారి యగును. జేసన్ రాబర్ట్స్ అనునాయన ఏండ్లతరబడి తన చేతితో బొమ్మలు గీసి 2017లో వెలువరించిన ‘గొరోగోవా’లో తెర నాలుగు గళ్ళు, ఒక గడిలోని కిటికీని పెరికి మరియొక గడిలోని బొమ్మపై నుంచినచో రెండు దృశ్యములు ఏకమగును. ఆంగ్లము రానివారును, బడికి పోవు పిల్లలును, మనుమలతో కూర్చున్న తాతలును సమానముగా ఆడదగినవి ఈ మూడు.

మూడవది అనుమాన ప్రమాణముతో నిజమును తేల్చు జాతి. డిటెక్టివు నవలలు చదివి హంతకుని ముందే పట్టిన పాఠకులకు ఇది విందు. ఇందు తలమానికమైనది లూకస్ పోప్ 2018లో వెలువరించిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’. ఇది సూరత్ వాసులకు ఒక విధముగ దగ్గరి కథ. ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ 1613లో జహంగీరు అనుమతిపై ఈ నగరముననే తన ఫాక్టరీని నెలకొల్పినది గదా. ఈ ఆటలో మీరు ఆ కంపెనీకి చెందిన బీమా తనిఖీదారు. 1802లో లండనునుండి తూర్పుదేశములకు బయలుదేరి అదృశ్యమైన ఓడ 1807లో ఒక్క ప్రాణి లేకుండ ఇంగ్లండు రేవునకు కొట్టుకొనివచ్చినది. ఓడపై నుండినవారు 60 మంది. మీచేతికి ఒక పుస్తకము, ఒక జేబు గడియారము వచ్చును. కళేబరముయొద్ద గడియారము తెరచినచో, ఆ మనుష్యుడు మరణించిన క్షణమునకు ముందరి మాటలు వినబడి, ఆ క్షణము శిలవలె గడ్డకట్టి ఎదుట నిలుచును. దాని నడుమ నడచి చూడవచ్చును. వీడెవడు? ఎట్లు చచ్చెను? ఎవడు చంపెను? ఈ మూడును పుస్తకమున వ్రాయవలెను. పేర్లు చెప్పువారు లేరు. యాస, వేషము, పక్కన నిలిచినవాడు, పని, దేశము, వీనినుండియే తేల్చుకొనవలెను. నావికులలో మన దేశమువారును కలరు. ముగ్గురి సంగతి సరిగా వ్రాసిననే పుస్తకము దానిని ధ్రువపరచును గాని, ఒక్కొక్కరిని ఊరక మార్చి మార్చి చూచినచో ఏమియు తేలదు. గ్రుడ్డిగా రాయి విసరుటను ఈ ఒక్క నియమము ఎంత నేర్పుగా అరికట్టినదో గమనింపుడు; పిల్లిమీసమునకు విరుగుడు ఇదియే. తెర అంతయు నలుపు తెలుపు చుక్కల బొమ్మ. కొన్ని మరణములు భీకరములు గనుక పిల్లలకు తగదు.

నాలుగవ జాతి భాషలది. 2023లో ఫ్రాన్సునుండి వచ్చిన ‘చాంట్స్ ఆఫ్ సెన్నార్’లో ఒక మహాగోపురము కలదు, అంతస్తునకొక జాతి, జాతికొక లిపి, ఒకరి మాట ఒకరికి తెలియదు. మీకును తెలియదు. ఒక మీటను త్రిప్పగా ద్వారము తెరచుకొనును. మీటవద్ద రెండు గుర్తులున్నవి. ఒకటి తెరచుట, ఒకటి మూయుట కావలెనని ఊహించి నోటుపుస్తకమున వ్రాసికొందురు. ఎవడో ఎదురుపడి చేయెత్తి ఒక గుర్తు పలుకును. అది నమస్కారమా, ఆగుమనుటయా? మరియొకచోట అదే గుర్తు మరియొకని నోట విన్నప్పుడు సందేహము తీరును. పుస్తకపు పుటలోని బొమ్మలకు సరియైన గుర్తులన్నియు కుదిరిననే మీ ఊహ ఖాయమగును. తెలుగు ఇంట, గుజరాతీ సేఠువద్ద, హిందీ బజారున, పక్క సాంచెమీది ఒడియా వానితోను, మరాఠీ వానితోను సైగలతో ఆరంభించి మాటలు కూడబెట్టుకొనిన ఉధ్నా తెలుగువారు ఈ విద్యలో ఇంతకుమునుపే ఆరితేరినవారు. పాఠశాల చదువు తక్కువైనంతమాత్రమున ఈ ఆటలో వెనుకబడుట యుండదు. జీవితమున క్రొత్త ఊరిలో దిగినవారే ముందుందురు.

ఈ నాలుగింటిని కలిపివేసిన మహాప్రయత్నములును లేకపోలేదు. 2025లో వచ్చిన ‘బ్లూ ప్రిన్స్’లో 45 గదుల భవనమున 46వ గదిని వెదకవలెను; దినదినము గదుల అమరిక మారుచుండును. దీనికి మిక్కిలి ఓర్పును ఆంగ్లభాషాపరిచయమును కావలెను గనుక దీనిని తొలుతనే చేపట్టుట మంచిది కాదు.

ఎన్నుకొనిన పిదప ఆడు విధము గూర్చి నాలుగు మాటలు. మొదటిది, కాగితము పెన్సిలు దగ్గర పెట్టుకొనుడు. ఇరువది యేండ్ల విరామము తరువాత మందగించినది బుద్ధి కాదు, జ్ఞాపకము. నిన్న చూచిన గుర్తు నేడు గుర్తుండదు. వ్రాసికొనినచో ఆ లోపము లోపమే కాదు. రెండవది, చిక్కు వీడకున్న ఆట కట్టివేసి నిద్రపొండు. రాత్రి ఎంతకును తట్టనిది తెల్లవారి పండ్లు తోముకొనునపుడు తట్టుట ఈ ఆటలాడువారందరును ఎరిగిన సంగతియే. మూడవది, సాధ్యమైనచో ఇద్దరు కలిసి ఆడుడు. భార్యాభర్తలు కాని, తండ్రీకూతుళ్ళు కాని ఒకే తెరముందు కూర్చున్నప్పుడు ఒకరు చూడనిది ఒకరు చూతురు. ‘ఆగుము, ఆ గోడమీది బొమ్మ మరల చూపుము’ అన్న మాట వినబడిన ఇంటిలో ఆ దినమున టీవీ సీరియలు ఓడినదనుకొనవచ్చును.

నాలుగవది సమాధానముల విషయము. నేడు ఏ చిక్కునకైనను విప్పుడు యూట్యూబున క్షణములో దొరకును. దొరకుటయే ఈ వినోదమునకు పెద్ద గొడ్డలిపెట్టు. పూర్వము ఇన్‌ఫోకామ్ సంస్థ తన ఆటలకు అదృశ్యపు సిరాతో ముద్రించిన సూచనల పుస్తకములను అమ్ముచుండెడిది. ప్రత్యేకమైన కలముతో రుద్దిన కొలది ముందు చిన్న సూచన, పిదప పెద్దది, కట్టకడపట సమాధానము బయటపడుచుండెను. ‘మెషినేరియం’లో విప్పుడు చూపు పుస్తకమునకు తాళముండును, విసుగుపుట్టించు చిల్లర ఆట ఒకటి ఆడిననే అది తెరచుకొనును. ‘ది రూమ్’ తానే కొంతసేపు ఆగి మెల్లగా ఒక సూచన నందించును. సాయము కోరుట అవమానము కాదు. కాని చిటికెడు కోరవలెను. ఒక పూట ఆలోచించియు దారి తోచనపుడు మాత్రము సూచన చూచి, అది చూచినపిదప ‘అయ్యో, ఇది నాకు తట్టవలసినదే’ అనిపించినచో ఆట మంచిది, ముందునకు సాగుడు. ‘ఇది ఎవనికి తట్టును?’ అని రెండు మూడు మారులు అనిపించినచో దానిని నిస్సంకోచముగా విడిచిపెట్టుడు. స్టీమ్ అంగడిలో కొనిన 14 దినములలోపల, ఆడినది రెండు గంటలు మించకున్నచో పైకము తిరిగి యిత్తురు. పెక్కు ఆటలకు ఉచితపు నమూనాలును ఉండును. కావున నచ్చని ఆటతో పెనుగులాడవలసిన నిర్బంధము లేదు.

ఇంతవరకు పేర్కొనినవన్నియు పరదేశములవి. మన దిక్కువారి కథలకు ఈ రంగస్థలము తగదా యని ఎవరైన అడిగినచో, 2023లో కెనడాలోని టొరంటోనుండి వచ్చిన ‘వెణ్బా’ సమాధానము చెప్పును. వలసపోయిన తమిళ దంపతుల కథ అది. తల్లి యిచ్చిన వంటల పుస్తకము చినిగి, అక్షరములు చెరిగిపోయియుండగా, మిగిలిన ముక్కలనుండి ఇడ్లీ మొదలుకొని ఒక్కొక్క వంటయు చేయు క్రమమును ఊహించి పూరించుటయే అందలి చిక్కు. వంటింటిని ఇట్లు సమస్యాపూరణముగా మార్చిన ఆ ఆట నిడివి స్వల్పమే, కాని లోకమంతటను ఆదరణ పొందినది. ఇట్టిది తెలుగున వ్రాయుటకు సామగ్రి కొఱత ఎక్కడిది? బేతాళుని ప్రశ్నలు కలవు, కాశీమజిలీ కథలు కలవు, పొడుపుకథలు ఊరూరను కలవు. చేతిమగ్గము విడిచి మర సాంచె పట్టి, మోత్కూరునుండియో జనగామనుండియో ఉధ్నాకు వచ్చిన తరముయొక్క కథ సైతము కలదు. బొమ్మలతో ఆట కూర్చుటకు 1997నుండి ఉచితముగా దొరకు అడ్వెంచర్ గేమ్ స్టూడియో యున్నది. మాటలతోనే కూర్చుటకు ట్వైన్ అను ఉచితపు పనిముట్టున్నది, అందు తెలుగు లిపి చక్కగా నడచును. ఆది ఆటలలో ఒకటియగు ‘జోర్క్’ మూడు భాగముల మూలప్రతిని 2025లో మైక్రోసాఫ్టు అందరును చదివి నేర్చుకొనునట్లు విడుదల చేసినది. సూరత్‌లోను, హైదరాబాదులోను, అమెరికాలోను కంప్యూటరు చదివిన తెలుగు యువకులు వేలకొలది కలరు. ఆడుటకు తల్లిదండ్రులున్నారు, చెప్పుటకు కథలున్నవి, పనిముట్లు ఉచితముగా దొరకుచున్నవి. వ్రాయువారు ముందునకు రావలెను.